కోట కొడుకులది... కథ తల్లులది!

ఇంగ్లండులో ఒక కోట 870 ఏళ్లకు పైగా ఒకే ఇంటిపేరు మోస్తోంది. తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి, లేదంటే దాయాదికి... మగవాళ్ల పేర్లతోనే నిండిపోయిన వంశవృక్షం అది. కానీ ఆ చెట్టు కొమ్మ వంగిన ప్రతిచోటా, విరగబోయిన ప్రతిసారీ ఓ ఆడమనిషి కనిపిస్తుంది. ఒకరి కట్నంగా మొదలై, ఒకరి చెరసాలలో మలుపు తిరిగి, ఇంకొకరి పెళ్లి రిజిస్టరు దగ్గర ముక్కలైన ఆ కోట పేరు బార్క్‌లీ.

తాత కట్టిన ఇంట్లో మనవడు కాపురం ఉంటేనే విశేషంగా చెప్పుకొనే రోజులివి. ముత్తాత పేరేమిటని అడిగితే చాలామంది ఊళ్లో పెద్దవాళ్లకు ఫోను చేయాల్సిందే. ఇక ముత్తాత తండ్రి సంగతి దేవుడెరుగు! అలాంటిది, ఇరవైకి పైగా తరాల పేర్లు వరసగా చెప్పగలిగే కుటుంబం, ఆ తరాలన్నీ పుట్టి పెరిగిన గోడల మధ్యే ఇప్పటికీ ఉంటోందంటే ఆశ్చర్యమే.

బార్క్‌లీ కుటుంబం అలాంటిదే. 1153 ప్రాంతంలో వాళ్ల చేతికి వచ్చిన కోట, మధ్యలో ఒక్క 61 ఏళ్లు మినహా ఎన్నడూ బయటివాళ్ల పాలు కాలేదు. రాజులు మారారు. రాజవంశాలే మారాయి. ఓ రాజును పదవి నుంచి దించేసి తెచ్చి ఇక్కడే ఉంచారు. మరో రాజుకు తల నరికి, దేశంలో రాచరికాన్నే రద్దు చేశారు. అయినా బార్క్‌లీలు మాత్రం ఇక్కడే ఉన్నారు.

ఎలా నిలబడింది అన్నేళ్లు? కత్తులవల్లా? కొంతవరకే. కోర్టులవల్లా? అదీ కొంతవరకే.

సెవెర్న్ ఒడ్డున పాత ఊరు

లండన్ నుంచి పడమరగా సుమారు 180 కిలోమీటర్లు వెళ్తే, బ్రిస్టల్, గ్లోస్టర్ నగరాల మధ్య సెవెర్న్ నదికి దగ్గర్లో కనిపిస్తుంది బార్క్‌లీ. నాలుగు వీధులు, ఓ పాత చర్చి, చుట్టూ పచ్చిక బయళ్లు... అంతే ఊరు. అమెరికాలో మన పిల్లలు చాలామంది చదువుకుంటున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉన్న ఊరి పేరు కూడా ఇంగ్లిషులో ఇవే అక్షరాలు. కాకపోతే అక్కడివాళ్లు 'బర్క్‌లీ' అంటారు, ఇక్కడివాళ్లు 'బార్క్‌లీ' అంటారు.

చర్చిని ఆనుకున్నట్టే ఉంటుంది కోట. సినిమాల్లో చూసినట్టు ఆకాశాన్నంటే బురుజులేమీ కనిపించవు. గుండ్రటి దిమ్మలాంటి పాత కోట, దానికి అతుక్కుని లోపలి ప్రాకారం, ఆ ప్రాకారం గోడలకు ఆనించి కట్టిన గదులు. రాయి రంగు లేత గులాబీ. వాన పడితే అదే రాయి ముదురు రంగుకు మారుతుంది. దక్షిణం వైపు మెట్లుమెట్లుగా తోటలు, కిందంతా పచ్చిక మైదానం. శత్రువు వస్తే నీళ్లు వదిలి ఆ మైదానాన్ని ముంచేసేవారట.

లోపల పెద్ద హాలు, మధ్యయుగం నాటి వంటగది, సన్నటి మెట్లు. ఇదే హాల్లో సినిమాల షూటింగులూ జరిగాయి. 2008లో వచ్చిన 'ది అదర్ బోలిన్ గర్ల్' సినిమా, 2015లో బీబీసీ ప్రసారం చేసిన 'వుల్ఫ్ హాల్' సీరియల్ చూసినవాళ్లు ఈ గోడల్ని చూసే ఉంటారు.

కోటలో అసలు సంపద మాత్రం చూడటానికి వచ్చినవాళ్ల కంట పడదు. అది కాగితాల గది. పన్నెండో శతాబ్దం నుంచీ దానపత్రాలు, దస్తావేజులు, జమాఖర్చులు, ఉత్తరాలు వేల సంఖ్యలో ఉన్నాయందులో. నాలుగు వందల ఏళ్ల క్రితం జాన్ స్మిత్ అనే దివాను వీటన్నిటినీ చదివి, బార్క్‌లీ ప్రభువుల జీవితకథలను సంపుటాలుగా రాసి పెట్టాడు. మన ఊళ్లలో కరణాలకు ఏ సర్వే నంబరు ఎవరిదో నోటికి వచ్చినట్టే, ఆయనకు ఈ వంశంలో ఎవరు ఎవరి కొడుకో, ఏ పొలం ఎవరి కట్నమో నోటికి వచ్చు. ఈ కుటుంబం గురించి ఈనాడు చెప్పుకొనే కథల్లో చాలా భాగం ఆయన పుణ్యమే.

కోటతోపాటు కోడలు

ఇక్కడ మొదట కోట కట్టింది బార్క్‌లీలు కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన మరుసటి ఏడాది విలియం ఫిట్జ్ ఆస్బర్న్ అనే సేనాని మట్టిదిబ్బ మీద కోట లేపాడు. ఆ తర్వాత 'రోజర్' అనే పేరుతో ఒక కుటుంబం ఇక్కడ స్థిరపడి, ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుంది. వీళ్లు తొలి బార్క్‌లీలు.

పన్నెండో శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో సింహాసనం కోసం అంతర్యుద్ధం జరిగింది. కాబోయే రాజు రెండో హెన్రీకి బ్రిస్టల్‌లో రాబర్ట్ ఫిట్జ్‌హార్డింగ్ అనే ధనిక వర్తకుడు అండగా నిలిచాడు. అడిగినప్పుడల్లా డబ్బు సర్దాడు. ఈయన నార్మన్ కాదు. అంతకుముందు కాలం నాటి శాక్సన్ కుటుంబంవాడని, తాత ఎడ్నాత్ పాత రాజుల కొలువులో పెద్ద ఉద్యోగి అని నమ్మకం. నేటి బ్రిస్టల్ కెథడ్రల్ మొదట ఈయన స్థాపించిన మఠమే.

విధేయత చూపలేదన్న కారణంతో రోజర్ చేతి నుంచి కోట తీసేసి హెన్రీ దాన్ని రాబర్ట్‌కు ఇచ్చాడు. ఇచ్చాడు సరే, ఊరుకుంటారా పాతవాళ్లు? తరతరాల పగ మొదలయ్యేదే. దాన్ని ఆపింది రెండు పెళ్లిళ్లు. రాబర్ట్ కొడుకు మారిస్‌కు రోజర్ కూతురు ఆలిస్‌ను, రోజర్ కొడుక్కి రాబర్ట్ కూతుర్ని ఇచ్చి చేసేలా రాజీ కుదిరింది. మన భాషలో చెప్పాలంటే కుండమార్పిడి!

మారిస్ అత్తవారి ఇంటిపేరు తీసుకుని 'బార్క్‌లీ' అయ్యాడు. అంటే ఈ రోజు 'తండ్రి నుంచి కొడుక్కి' అని గొప్పగా చెప్పుకొనే వంశానికి ఆ పేరే ఒక కోడలు పుట్టింటి నుంచి తెచ్చింది!

గదిలో ఓ రాజు

కోట చూడటానికి వచ్చేవాళ్లంతా ముందు అడిగేది ఒక్క గది గురించే. రెండో ఎడ్వర్డ్ రాజును బంధించిన గది. మూలన చీకటిగా, లోతుగా ఓ గొయ్యి కూడా ఉంటుంది.

1327లో రాణి ఇసబెల్లా, ఆమెకు సన్నిహితుడైన రోజర్ మార్టిమర్ కలిసి ఎడ్వర్డ్‌ను గద్దె దించి ఆయన కొడుకును రాజును చేశారు. పాత రాజును ఏప్రిల్‌లో ఈ కోటకు తెచ్చారు. అప్పటి ప్రభువు థామస్ బార్క్‌లీ ఎవరనుకున్నారు? మార్టిమర్ అల్లుడే! బందీ పోషణకు రోజుకు 5 పౌండ్లు ఖర్చుల కింద ఇచ్చేవారు. ఎడ్వర్డ్ అనుచరులు ఓసారి కోటలోకి చొరబడి ఆయన్ను తప్పించే ప్రయత్నమూ చేశారు. చివరికి సెప్టెంబరు 21న రాజు చనిపోయాడని లోకానికి చెప్పారు. ఎలా చనిపోయాడన్నదాని మీద ఒళ్లు జలదరించే కథలు పుట్టాయి. కాల్చిన ఇనుప కడ్డీ కథ అందులో ఒకటి. చరిత్రకారులు దాన్ని అంత తేలిగ్గా నమ్మరు.

మూడేళ్లలో కాలం తిరగబడింది. కుర్ర రాజు పెద్దవాడై మార్టిమర్‌ను ఉరి తీయించాడు. థామస్‌ను పార్లమెంటు ముందు నిలబెట్టారు. రాజు చనిపోయిన సంగతే తనకు తెలియదన్నాడు థామస్. ఆ సమయంలో తాను జబ్బుపడి కోటలో లేనన్నాడు. మరణవార్తను రాజసభకు కబురు పంపింది మాత్రం ఆయనే! అయినా 1337కల్లా కేసు నుంచి పూర్తిగా బయటపడ్డాడు. కోట చేజారలేదు.

192 ఏళ్ల దావా

రాజు హత్య కేసు పదేళ్లలో తేలిపోయింది. ఇంటి తగాదా మాత్రం దాదాపు రెండు వందల ఏళ్లు నడిచింది.

1417లో మరో థామస్ ప్రభువు చనిపోయాడు. సంతానం ఒక్కగానొక్క కూతురు, ఎలిజబెత్. ఆమె భర్త వారిక్ ఎర్ల్ రిచర్డ్ బీచమ్, దేశంలోని పెద్ద ప్రభువుల్లో ఒకడు. కోట మగ వారసులకే చెందాలని పూర్వీకులు రాసిన కట్టుబాటు ఒకటుంది. దాని ప్రకారం తమ్ముడి కొడుకు జేమ్స్‌కు రావాలి. 'నా తండ్రి ఆస్తి నాది కాదా?' అంటుంది కూతురు. 'రాసిన రాత నాకే ఇవ్వమంటోంది' అంటాడు జేమ్స్. ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా విన్నట్టే ఉంటుంది.

దావా ఎలిజబెత్‌తో ఆగలేదు. ఆమె పెద్ద కూతురు మార్గరెట్ దాన్ని అందుకుంది. మార్గరెట్ భర్త జాన్ టాల్బట్ ఫ్రాన్సు యుద్ధాల్లో పేరు మోసిన యోధుడు. ఇటు జేమ్స్ మెతక మనిషి. ఆయన వెనక నిలబడింది భార్య ఇసబెల్. భర్త కోట కాపలా కాస్తుంటే, ఆమె లండన్ వెళ్లి పెద్దల చుట్టూ, న్యాయవాదుల చుట్టూ తిరిగింది. అక్కడి నుంచి భర్తకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. తాను వచ్చేదాకా జాగ్రత్తగా ఉండమని, తాను లేకుండా ఎవరితోనూ రాజీ మాటలు ఆడొద్దని అందులో హెచ్చరించింది. డబ్బు పంపకపోతే గుర్రాన్ని తాకట్టు పెట్టి కాలినడకన ఇంటికి రావాల్సి వస్తుందనీ రాసింది.

చివరికి ప్రత్యర్థుల చేతికి చిక్కింది. మార్గరెట్ ఆమెను గ్లోస్టర్ కోటలో బంధించింది. 1452లో ఇసబెల్ అక్కడే కన్నుమూసింది. ఆమెకు నలుగురు కొడుకులు... విలియం, మారిస్, జేమ్స్, థామస్. ఈ పేర్లు కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరం పడతాయి.

పెద్దకొడుకు విలియం కాలానికి మార్గరెట్ మనవడు, ఇరవై ఏళ్లయినా నిండని లైల్ ప్రభువు థామస్ టాల్బట్ దావాకు వారసుడయ్యాడు. కుర్రతనం కదా, 1470 మార్చిలో విలియమ్‌కు యుద్ధానికి సవాలు పంపాడు. విలియం అదే రోజు జవాబిచ్చాడు. మర్నాడు పొద్దున్నే నిబ్లీ గ్రీన్ అనే చోట ఇద్దరి మనుషులూ తలపడ్డారు. సుమారు 150 మంది చనిపోయారు. లైల్ ముఖానికి బాణం తగిలి పడిపోయాడు. ఇంగ్లండు గడ్డ మీద ఇద్దరు ప్రభువులు సొంత సైన్యాలతో చేసుకున్న చివరి యుద్ధం ఇదేనంటారు. విజేతలు అక్కడితో ఆగక లైల్ ఇంటిని దోచారు. గర్భవతిగా ఉన్న అతని భార్యకు గర్భస్రావమైంది. అలా ఆ వంశం పుట్టకముందే ఆగిపోయింది.

కానీ కాగితాల మీద దావా ఆగలేదు. లైల్ అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... 1609లో రాజీ కుదిరేదాకా నడిచింది. మొత్తం 192 ఏళ్లు!

మరదలు నచ్చలేదని...

యుద్ధంలో కోటను గెలుచుకున్న విలియమే దాన్ని చేతులారా పోగొట్టాడు. కత్తి వల్ల కాదు, కోపం వల్ల.

విలియమ్‌కు పిల్లలు మిగల్లేదు. తర్వాత ఆస్తి తమ్ముడు మారిస్‌కు రావాలి. మారిస్ పెళ్లి చేసుకున్నది బ్రిస్టల్ నగర పెద్ద, మేయరుగా చేసిన ఫిలిప్ మీడ్ కూతుర్ని. ఆమె పేరు కూడా ఇసబెల్. 'వ్యాపారుల పిల్ల మన ఇంటి కోడలా!' అని అన్నకు మంట. తమ వంశానికి మూలపురుషుడైన రాబర్ట్ కూడా బ్రిస్టల్ వ్యాపారేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు కాబోలు.

తమ్ముడికి దక్కకూడదన్న పంతంతో, బిరుదుల మోజుతో విలియం కోటను రాజు ఏడో హెన్రీకి, ఆయన మగ సంతానానికి రాసిచ్చేశాడు. బదులుగా 1489లో 'మార్క్విస్' బిరుదు అందుకున్నాడు. ఆస్తంతా తగలేశాడని జనం ఆయనకు పెట్టిన పేరు 'వేస్ట్ ఆల్'. 1492లో ఆయన పోగానే కోట రాజుగారిదైంది. తమ్ముడు మారిస్ కోర్టుల చుట్టూ తిరిగి కొన్ని భూముల్ని వెనక్కి తెచ్చుకోగలిగాడు గానీ కోట రాలేదు.

అయితే విలియం రాసిన పత్రంలో 'మగ సంతానానికి' అన్న మాట ఒకటుంది చూశారూ, అదే కాపాడింది. ఏడో హెన్రీ కొడుకు ఎనిమిదో హెన్రీ. మగబిడ్డ కోసం ఆరు పెళ్లిళ్లు చేసుకున్న ఘనుడు. ఆయనకు మిగిలిన ఒక్క కొడుకు ఆరో ఎడ్వర్డ్ 1553లో పదిహేనేళ్ల వయసులో చనిపోయాడు. ఇక మిగిలింది ఇద్దరు కూతుళ్లు, మేరీ, ఎలిజబెత్. వాళ్లు ఇంగ్లండునే ఏలారు కానీ, పత్రం ప్రకారం బార్క్‌లీ కోటకు మాత్రం వారసులు కాలేకపోయారు. 61 ఏళ్ల తర్వాత కోట తిరిగి సొంతవాళ్లకు దక్కింది. ఎవరికి? 'తక్కువ కులం' అని విలియం చీదరించుకున్న మరదలు ఇసబెల్ మీడ్ సంతతికి!

గోడలో గండి

కోట చుట్టూ తిరిగితే గుండ్రటి పాత కట్టడానికి ఒకవైపు పెద్ద గండి కనిపిస్తుంది. 1645లో రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధంలో పడిందది. పార్లమెంటు సేనలు కోటను పట్టుకున్నాక కుటుంబానికే తిరిగి ఇచ్చాయి. కాకపోతే ఓ షరతు... ఆ గండి పూడ్చకూడదు. మళ్లీ ఎప్పుడూ ఇది యుద్ధానికి పనికొచ్చే కోట కాకూడదని. షరతు పెట్టినవాళ్ల ప్రభుత్వం ఎప్పుడో పోయింది. గండి మాత్రం నేటికీ అలాగే ఉంది.

ఆ దెబ్బతో కోటకు ఫిరంగుల భయం తీరింది. 1679లో కుటుంబానికి 'ఎర్ల్' బిరుదు కూడా వచ్చింది. తర్వాతి దెబ్బ చర్చిలోని ఓ పుస్తకం నుంచి తగిలింది.

కసాయి కూతురు కౌంటెస్ అయ్యాక...

అయిదో ఎర్ల్ ఫ్రెడరిక్ అగస్టస్ వేట పిచ్చి ఉన్న మనిషి. నలభై ఏళ్లు వచ్చేదాకా పెళ్లి చేసుకోలేదు. 1785 ప్రాంతంలో ఆయన జీవితంలోకి వచ్చింది మేరీ కోల్. గ్లోస్టర్‌లో మాంసం దుకాణం నడిపే విలియం కోల్ కూతురు. వయసు పద్దెనిమిది లోపే. అక్కడక్కడా పెద్దింటి ఆడవాళ్ల దగ్గర పరిచారికగా పనిచేసిన పిల్ల.

ఆమె 'మిస్ ట్యూడర్' అనే పేరుతో ఎర్ల్ ఇంట్లో ఉండేది. పిల్లలు పుట్టారు. ఇల్లూ ఆస్తీ లెక్కలూ ఆమె చేతి మీదే నడిచాయి. 1796 మే 16న లండన్‌లోని లాంబెత్‌లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మేరీ కోల్ కౌంటెస్ ఆఫ్ బార్క్‌లీ అయింది. అప్పటికి పెద్దకొడుకు విలియమ్‌కు తొమ్మిదేళ్లు. అతని వెనక ఇంకా ముగ్గురు తమ్ముళ్లు.

చిక్కంతా ఇక్కడే. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ, ఆ తర్వాత తల్లిదండ్రులు పెళ్లి చేసుకున్నా సరే, వారసుడు కాలేడు. అప్పుడు ఎర్ల్, మేరీ ఓ మాట చెప్పారు. తమకు 1785 మార్చి 30నే బార్క్‌లీ చర్చిలో రహస్యంగా పెళ్లి జరిగిందని, లాంబెత్‌లో చేసుకున్నది రెండోసారని. రుజువుగా చర్చి రిజిస్టరు చూపించారు. నిజమే, అందులో నమోదు ఉంది. అయితే అది అప్పుడే రాసిందా, తర్వాత చేర్చిందా?

1810లో ఎర్ల్ చనిపోయాడు. పెద్దకొడుకు విలియం బిరుదు కోసం హౌస్ ఆఫ్ లార్డ్స్ తలుపు తట్టాడు. 1811లో విచారణ. దేశమంతా పత్రికల్లో ఇదే కథ. చేతిరాత మీద వాదనలు, సిరా మీద వాదనలు, సాక్షుల మీద సాక్షులు. మేరీ కోల్ స్వయంగా వచ్చి లార్డుల ముందు నిలబడింది. ఒక తల్లికి అంతకన్నా కష్టమైన సాక్ష్యం ఏముంటుంది? 1785 పెళ్లి నిజమని తేలితే పెద్దకొడుకులు నలుగురూ గౌరవంగా తలెత్తుకుంటారు. అబద్ధమని తేలితే తాను దొంగ సాక్ష్యం చెప్పినట్టే కాదు, కన్నబిడ్డలకు కుటుంబంలో చోటే లేకుండా పోతుంది.

లార్డులు నమ్మలేదు. మొదటి పెళ్లి రుజువు కాలేదని తీర్పు చెప్పారు. అంటే, లాంబెత్ పెళ్లి తర్వాత అయిదు నెలలకు పుట్టిన థామస్ మోర్టన్ అసలు వారసుడు. అప్పటికి పద్నాలుగేళ్ల కుర్రాడు.

ఇక్కడ జరిగింది చూడండి. పెద్దవాడయ్యాక కూడా థామస్ ఆ బిరుదును ముట్టుకోలేదు. తాను 'ఎర్ల్' అనిపించుకుంటే తల్లి అబద్ధమాడిందని, అన్నలు అక్రమ సంతానమని ఒప్పుకున్నట్టే కదా! ఇంగ్లండులో ఎంతోమంది ప్రాణాలిచ్చే బిరుదును పక్కన పెట్టి, మామూలు మనిషిగా బతికాడు. 1882లో 85 ఏళ్ల వయసులో పెళ్లి కాకుండానే చనిపోయాడు. తల్లి 1844లోనే పోయింది. పోయేదాకా 1785 పెళ్లి నిజమనే ఆమె మాట.

ఎవరి ముక్క వారిది

బిరుదు పోయినా కోట మాత్రం తండ్రి వీలునామా ప్రకారం పెద్దకొడుకు విలియమ్‌కే వచ్చింది. తర్వాత ఆయనకు వేరే బిరుదులు ఇచ్చారు. 1857లో చట్టబద్ధమైన వారసులు లేకుండా ఆయన పోతే కోట తమ్ముడు అడ్మిరల్ మారిస్‌కు చేరింది. ఆయన ఓ కొత్త వాదన ఎత్తుకున్నాడు. 'ఈ కోట ఎవరిదైతే వాళ్లే బార్క్‌లీ ప్రభువు. బిరుదు మనిషిని బట్టి కాదు, గోడల్ని బట్టి' అని! 1861లో లార్డులు దాన్నీ కొట్టేశారు. ఓదార్పుగా కొత్త బిరుదొకటి ఇచ్చారు.

ఇక 1882లో థామస్ మోర్టన్ చనిపోయాక ఏమైందో చూడండి. కోట అడ్మిరల్ కొడుకుల దగ్గర ఉంది. ఎర్ల్ బిరుదు దూరపు దాయాదికి వెళ్లింది. 1421 నాటి పాత 'బ్యారన్' బిరుదు ఆడపిల్లలకూ చెల్లుతుంది కాబట్టి అది థామస్ తమ్ముడి కూతురు లూయిసా మిల్మన్‌కు వచ్చింది. ఏడు వందల ఏళ్లు కలిసి నడిచిన ఇల్లు, పేరు, హోదా మూడు ఇళ్లకు చేరాయి.

1916లో అడ్మిరల్ రెండో కొడుకు సంతానం లేకుండా పోవడంతో కోట మళ్లీ ఎర్ల్ దగ్గరికి వచ్చింది. ఆయన ఎనిమిదో ఎర్ల్ రాండల్. తాను వారసుణ్నేనని ఆయన కూడా 1891లో లార్డుల ముందు నిరూపించుకోవాల్సి వచ్చింది. ఈయన శాస్త్రవేత్త. ద్రవాభిసరణ పీడనం మీద చేసిన ప్రయోగాలకు రాయల్ సొసైటీ సభ్యత్వం పొందినవాడు. 1919లో లండన్ నడిబొడ్డున ఉన్న బార్క్‌లీ స్క్వేర్ ఆస్తిని అమ్మేసి, పాతబడిన కోటను మరమ్మతు చేయించాడు. 1942లో ఆయనా పిల్లలు లేకుండానే చనిపోయాడు. ఎర్ల్ బిరుదుకు అక్కడితో తెరపడింది.

మరి కోట? వంశవృక్షం తిరగేస్తే వూస్టర్‌షైర్‌లోని స్పెచ్లీ అనే ఊళ్లో ఉంటున్న కెప్టెన్ రాబర్ట్ బార్క్‌లీ తేలాడు. ఆ కొమ్మ అసలు కాండం నుంచి విడిపోయింది పదిహేనో శతాబ్దంలో. దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత ఓ చిన్న కొమ్మకు పెద్దింటి తాళాలు అందాయి. నేటికీ కోట ఆ కుటుంబానిదే. ఏడాదిలో కొన్ని నెలలు సందర్శకులను లోపలికి పంపిస్తారు.

అన్నట్టు... టీకా పుట్టిందీ ఇక్కడే!

మేరీ కోల్ లాంబెత్‌లో పెళ్లిపీటలెక్కడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 1796 మే 14న, కోట పక్క వీధిలో లోకం గతిని మార్చే పని ఒకటి జరిగింది. బార్క్‌లీ చర్చి మతగురువు కొడుకు, వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, తోటమాలి కొడుకైన ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఆవు మశూచి రసిని ఎక్కించాడు. ఆ రసి ఇచ్చింది శారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయి చేతి మీది పొక్కు. మశూచికి టీకా అలా పుట్టింది.

1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ల పాపకు ఆ టీకా పట్టింది. మనదేశంలో విజయవంతమైన తొలి టీకా అదే. అక్కడి నుంచి చేతి నుంచి చేతికి మద్రాసుకూ ఇతర ప్రాంతాలకూ పాకింది. 'అమ్మవారు పోసింది' అంటూ మన ఊళ్లు వణికిపోయిన జబ్బు మనదేశంలో చివరిసారి కనిపించింది 1975లో. లోకం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. జెన్నర్ ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. బార్క్‌లీ వెళ్లినవాళ్లు కోటతోపాటు దాన్నీ చూసి వస్తారు.

నలుగురు కొడుకుల తల్లి

ఇసబెల్ నలుగురు కొడుకుల పేర్లు గుర్తున్నాయా? పెద్దవాడు విలియం కోటను రాజుకు రాసిచ్చేశాడు. రెండోవాడు మారిస్ వారసులు 1553లో దాన్ని తిరిగి పొందారు. 1942 దాకా ఏలింది వాళ్లే. 1942లో తాళాలు అందుకున్న స్పెచ్లీ బార్క్‌లీలు చివరివాడు థామస్ సంతతి.

అంటే నిబ్లీ గ్రీన్ యుద్ధం తర్వాత ఈ కోటలో కాపురం చేసిన బార్క్‌లీలంతా ఒకే తల్లి బిడ్డలు. దావా కోసం లండన్ వెళ్లి, డబ్బు లేక గుర్రాన్ని తాకట్టు పెట్టుకోవాల్సి వస్తుందని రాసిన ఇసబెల్ బిడ్డలు. ఆమె మాత్రం ఆ ఇంటికి తిరిగి రాలేకపోయింది. వంశవృక్షంలో ఆమె పేరు భర్త పేరు పక్కన, చిన్న గీత అవతల ఉంటుంది.